నా పన్ను లెక్క నేనే వేసుకున్నా

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



శుక్రవారం అంటే మనకు వారానికి ఒక్క సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, రెండు మూడు రోజులకు సరిపడా కూర వండి పెట్టుకోవాలి, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేసుకోవాలి. అవన్నీ పక్కన పెట్టి ఆదాయపు పన్ను గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, తర్వాత భోజనాలున్నాయని మనవాళ్లు గట్టిగానే ప్రచారం చేసినట్టున్నారు.

నేను ఆడిటర్ని కాను. షువైఖ్‌లో ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్‌కీపర్ని. చదివింది ఇంటర్. మాది రాజంపేట దగ్గర పల్లె. 2009లో వచ్చాను, ఫర్వానియాలో ఉంటాను. ఫోరం వాళ్లు ‘పన్నుల మీద అవగాహన’ అని మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకెందుకు, నా లెక్క నేనెట్లా వేసుకున్నానో, అందులో ఎంత వచ్చిందో, ఎంత పోయిందో పైసాతో సహా చెప్తానన్నాను. సరే అన్నారు.

మనలో చాలామందికి పన్ను అంటే మనది కాని సంగతి. కువైట్‌లో జీతం మీద పన్ను లేదు. 350 దినార్ల జీతమంటే 350 దినార్లూ చేతికొస్తాయి. మొన్న 2025 జనవరి నుంచి ఇక్కడ 15 శాతం పన్ను తెచ్చారని విని కొంతమంది కంగారు పడ్డారు. అది పెద్ద పెద్ద బహుళజాతి కంపెనీల లాభాల మీద, మన జీతాల మీద కాదు.

పన్ను మాట విని నిజంగా భయపడింది ఒక్కసారే, 2020 ఫిబ్రవరి 1న. ఆ రోజు ఢిల్లీలో బడ్జెట్ పెట్టారు. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ని ఇండియాలోనే ఉన్నట్టు లెక్కగడతామన్నారు. సాయంత్రానికి మా బిల్డింగులో ఏ రూములో చూసినా ఇదే గొడవ. ‘కువైట్ జీతం మీద కూడా పన్ను కట్టాలంట’ అని ఒకడు, ‘ముప్పై శాతం అంట’ అని ఇంకొకడు. మరుసటి రోజే ప్రభుత్వం వివరణ ఇచ్చింది, గల్ఫ్‌లో కష్టపడి సంపాదించుకునే జీతం మీద కాదని. తర్వాత చట్టంలోనే 15 లక్షల గీత గీశారు. ఇండియాలో వచ్చే ఆదాయం ఏటా 15 లక్షలు దాటిన వాళ్లకే ఆ నిబంధన. మనలో ఎంతమందికి ఉంది అంత? భయం పోయింది. భయంతో పాటు ఆ విషయం గురించి తెలుసుకుందామన్న ఆలోచనా పోయింది. నా వరకు నేను అదే చేశాను.

ఇక నా కథ.

వచ్చిన కొత్తలో జీతం ఊళ్లో ఉన్న పాత సేవింగ్స్ ఖాతాకే పంపేవాణ్ణి. కొన్నేళ్లకు బ్యాంకువాళ్లు నేను విదేశంలో ఉన్నానని తెలుసుకుని ఏవో కాగితాలు పంపారు, సంతకాలు పెట్టాను. ఆ ఖాతా ఎన్‌ఆర్‌ఓ అయింది. 2018లో అందులో కూడిన 12 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాను. వడ్డీ ఏడు శాతం. మూడు నెలలకోసారి వడ్డీ ఇంటి ఖర్చుకు పోయేలా పెట్టాను. మూడు నెలలకు 21,000 రావాలి. వచ్చేది 14,448.

తక్కువ వస్తోందని మా ఇంటామె రెండు మూడు సార్లు చెప్పింది. ‘బ్యాంకు చార్జీలేమో లే’ అన్నాను. ఆరున్నర వేలు చార్జీ ఏ బ్యాంకైనా వేస్తుందా? గోడౌన్‌లో ఒక్క బోల్టు తగ్గితే రిజిస్టరు తిరగేసే మనిషిని నేను. సొంత డబ్బు దగ్గర మాత్రం ‘లే’ అనేశాను.

అది టీడీఎస్. ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే బ్యాంకు 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, అంటే వందకు 31 రూపాయల 20 పైసలు ముందే కోసి ప్రభుత్వానికి కడుతుంది. ఏడాదికి నా వడ్డీ 84,000. అందులో కోత 26,208. నాకు ఇండియాలో వేరే ఆదాయం లేదు. 84,000 ఆదాయం ఉన్నవాడు కట్టాల్సిన పన్ను సున్నా. అంటే ఆ 26,208 నాదే. కాకపోతే రిటర్ను వేసి అడగాలి. అడగనివాడికి ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

ఈ సంగతి నాకు చెప్పింది మా ఆఫీసులో లెక్కలు చూసే మలయాళీ చేట్టన్. 2024 మే నెలలో టీ తాగుతూ, ‘నీ 26ఏఎస్ ఎప్పుడైనా చూశావా?’ అన్నాడు. అదేదో విమానం నంబరనుకున్నాను. అది మన పాన్ నంబరు మీద ఎవరెవరు ఎంత పన్ను కోసి కట్టారో చూపించే పట్టీ. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో ఉంటుంది. తెరిచి చూశాను. ఏడాదివారీగా నా డబ్బు వరసగా కూర్చుని ఉంది.

ఆ జూలైలో రిటర్ను నేనే వేశాను. ఎన్నారై అయినవాడు ఐటీఆర్-1 వేయకూడదు, అది ఇండియాలో ఉండేవాళ్లది. మనకు వ్యాపారం లేకపోతే ఐటీఆర్-2. ఏడాదిలో ఇండియాలో ఎన్ని రోజులున్నావని అడుగుతుంది. ఉద్యోగం కోసం బయటికొచ్చిన మనకు అక్కడ 182 రోజుల లోపే ఉంటే ఎన్నారై లెక్క. నా సెలవు నలభై రోజులు. ఉండే దేశంలో నీ పన్ను నంబరు ఎంతని అడిగింది. మనకు ఇక్కడ పన్నే లేదు, నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? నా సివిల్ ఐడీ నంబరు వేశాను. తీసుకుంది.

అంతా అయ్యాక అసలు తంటా. రిటర్ను వేసినంత మాత్రాన చాలదు. ముప్పై రోజుల్లోపు ‘ఇది నేనే వేశాను’ అని ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో సులువు. కానీ ఆధార్‌కి కలిపిన సిమ్ ఇంట్లో చిన్న ఫోన్‌లో ఉంది. నాకిక్కడ రాత్రి పది, అక్కడ పన్నెండున్నర. ఫోన్ చేసి లేపాను. ‘ఏమైంది? బాగుండావా?’ అని ఏడుపు గొంతుతో లేచింది. అంత రాత్రి కువైట్ నుంచి ఫోన్ వస్తే ఇంట్లో ఏమనుకుంటారో మీకు తెలుసు. బాగున్నాను, ఫోన్‌కొచ్చిన ఆరంకెలు చదువు అన్నాను. కళ్లజోడు కోసం వెతుక్కుని, ఒకసారి తప్పు చదివి, రెండోసారి సరిగ్గా చదివింది. పెట్టేసే ముందు అంది, ‘ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని నువ్వే కదా చెప్తావు!’

సెప్టెంబరులో డబ్బు పడింది. ఆరు నెలల వడ్డీతో కలిపి 26,996. ఆ రాత్రి రూములో అందరికీ మందీ తెప్పించాను. ప్రభుత్వం నుంచి నాకు డబ్బు రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అందరూ తిని పడుకున్నాక లెక్క వేస్తే నిద్ర పట్టలేదు. అంతకు ముందు ఐదేళ్లు, ఏటా 26,208. మొత్తం 1,31,040. గడువు దాటిన రిటర్నుకు, అసలు కారణముంటే మన్నించమని అధికారికి అర్జీ పెట్టుకోవచ్చట. నా దగ్గరున్న కారణం ‘తెలియదు’ ఒక్కటే. అది కారణమా అని సిగ్గుపడి అడగలేదు. 2024 అక్టోబరు 1 నుంచి ఆ అర్జీకి గడువు ఐదేళ్లకు కుదించారు, అంతకుముందు ఆరేళ్లుండేది. అడిగి ఉండాల్సింది. ఇచ్చేవాళ్లో లేదో, అడిగి ఉండాల్సింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అసలు ఆ 12 లక్షలు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఉండి ఉంటే కోతా లేదు, రిటర్నూ లేదు. ఇక్కడి జీతం ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు పంపితే దాని వడ్డీ మీద మనకు అక్కడ పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ అనేది అక్కడ పుట్టే డబ్బుకు, అంటే అద్దెకో, కౌలుకో, అమ్మిన ఆస్తికో. ఒక ఫారం తేడా. దాని కోసం నేను పన్ను చట్టం నేర్చుకున్నాను. కువైట్ వచ్చే రోజు ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మీకిప్పుడు ఈ ఉపన్యాసం తప్పేది.

నాకు రీఫండ్ వచ్చిందని తెలిశాక మా రూములో ఇంకొకాయన తన సంగతి బయటపెట్టాడు. ఆయనకు డిపాజిట్లు నాకంటే ఎక్కువ, రెండు షాపుల అద్దె కూడా ఉంది, కాబట్టి కొంత పన్ను నిజంగానే పడుతుంది. ఒక ఏజెంటు ‘మొత్తం తెప్పిస్తా, వందకు ఇరవై నాకు’ అన్నాడట. తెప్పించాడు కూడా. ఎట్లా? ఆయన్ని ఇండియాలోనే ఉన్నట్టు చూపించి ఐటీఆర్-1 వేశాడు. లేని ఎల్‌ఐసీ, ఇవ్వని చందాలు రాశాడు. ఏడాది తిరగక ముందే శాఖ నుంచి మెసేజ్ వచ్చింది, మీ క్లెయిములు ఒకసారి సరిచూసుకోండని. ఏజెంటు ఫోన్ స్విచాఫ్. చివరికి సవరించిన రిటర్ను వేసి, వచ్చిన డబ్బు వెనక్కి కట్టి, దాని మీద వడ్డీ, అదనపు పన్ను 25 శాతం కట్టాడు. ఏజెంటుకిచ్చిన ఇరవై మాత్రం పోయింది. ఇట్లాంటి దొంగ మినహాయింపుల మీదే 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా నూటయాభై చోట్ల తనిఖీలు చేసింది. ఇంకొక ప్రమాదం ఆయనకు నేను చెప్పేదాకా తెలియదు. ఇండియాలోనే ఉన్నానని సంతకం పెట్టినవాణ్ణి ‘మరి నీ కువైట్ జీతం ఏది?’ అని అడగొచ్చు. అక్కడ ఉండేవాడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపాలి. మనకు జీతం మీద పన్ను లేనిది మనం ఎన్నారైలం కాబట్టే.

ఇప్పుడు రెండో ఏడాది సంగతి. నా మనసు ఇప్పటికీ తేలని సంగతి ఇది.

2014లో నేను, మా తమ్ముడు రాజంపేట పక్కన ఒక లేఅవుట్లో రెండు ప్లాట్లు కొన్నాం. పక్కపక్కనే, ఒకే కొలత, ఒకే రోజు రిజిస్ట్రేషను, చెరి పది లక్షలు. నాది దినార్లు పంపిన డబ్బు, వాడిది అరటి, బొప్పాయి పండించిన డబ్బు. జిల్లాలు విడగొడతారు, రాజంపేట జిల్లా కేంద్రమవుతుంది, సెంటు ధర ఎక్కడికో పోతుందని ఆశ. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చింది, జిల్లా కేంద్రం రాయచోటికి పోయింది. మా ప్లాటు అక్కడే ఉండిపోయింది.

2024లో నాయనకు గుండె ఆపరేషనైంది. చెరి సగం పెట్టుకున్నాం. నాకు అంతకుముందే అమ్మాయి ఇంజనీరింగ్ అప్పుంది. అన్నీ కలిపి నేను తీర్చాల్సింది 14,50,000. రెండు ప్లాట్లూ కలిపి కొనేవాడు దొరికాడు, ఒక్కోటి 15 లక్షలు. నవంబరులో సెలవు మీద వెళ్లి రిజిస్ట్రేషను చేయించాం.

కొనేవాళ్లు బ్యాంకు అప్పుతో కొంటున్నారు, వాళ్ల ఆడిటరు గట్టి మనిషి. ఇద్దరి కాగితాలూ చూశాడు. తమ్ముడికి 15,00,000 చెక్కు రాసిచ్చారు. నాకు 13,05,000. ఇదేందయ్యా అన్నాను. అమ్మేవాడు ఎన్నారై అయితే ధర ఎంత చిన్నదైనా సరే కొనేవాడు పన్ను కోసి కట్టాల్సిందేనట. పన్నెండున్నర శాతం, సెస్సుతో పదమూడు. అదీ లాభం మీద కాదు, మొత్తం పదిహేను లక్షల మీద. లక్షా తొంభై ఐదు వేలు. తమ్ముడిలాంటి వాళ్లకు 50 లక్షల లోపు ఆస్తి మీద ఒక్క రూపాయీ కోత లేదు. ఆడిటరు చేసింది తప్పు కాదు, చట్టమే అది. మీరు ముందే శాఖకు దరఖాస్తు పెట్టుకుని, నిజంగా పడే పన్ను ఎంతో అంతే కోయమని సర్టిఫికెట్ తెచ్చుకుని ఉండాల్సిందన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు బయట టీ బంకు దగ్గర ఈ మాట చెప్పాడు. సంతకాలన్నీ అయిపోయాక!

14,50,000 అప్పు, చేతికి 13,05,000. లక్షా నలభై ఐదు వేలు తక్కువ. దాన్ని రెండు రూపాయల వడ్డీకి ఉంచేసి విమానమెక్కాను. నెలకు 2,900.

ఈసారి నాకు ధైర్యముంది, అనుభవముంది. మొత్తం వెనక్కి వస్తుందనే నమ్మకంతో ఉన్నాను. ఎందుకంటే లెక్క నాకు తెలుసు. ధరలు పెరిగిన కొద్దీ కొన్న ధరను కూడా పెంచి చూసుకునే పద్ధతి ఉండేది, ఇండెక్సేషన్ అంటారు. 2014-15కు సూచి 240, 2024-25కు 363. పది లక్షలను 363తో హెచ్చించి 240తో భాగిస్తే 15,12,500. అమ్మింది 15 లక్షలకు. అంటే లాభం లేదు, నిజానికి పన్నెండున్నర వేలు నష్టం. లాభం లేనిచోట పన్నేంది?

ఆగస్టులో ఒక గురువారం రాత్రి కూర్చున్నాను. బయట ఆ సెగ, లోపల ఏసీ మోత. అన్నీ నింపాను. పట్టీలో డిపాజిట్ కోత 26,208, ప్లాటు కోత 1,95,000, రెండూ కలిపి 2,21,208. రీఫండ్ దగ్గర ఆ అంకె కోసం చూస్తున్నాను. స్క్రీన్ మీద 1,56,210 అని వచ్చింది. ఎక్కడో తప్పు కొట్టాననుకుని మొదటి నుంచి నింపాను. అదే. మూడోసారి నింపాను. అదే.

తెల్లవారుజామున రెండింటికి అర్థమైంది. 2024 జూలై 23న బడ్జెట్‌లో ఇండెక్సేషన్ తీసేశారు. పన్ను రేటు 20 నుంచి పన్నెండున్నరకు తగ్గించారు గానీ, కొన్న ధర కొన్నట్టే. దేశమంతా గొడవైతే ఆగస్టులో సవరించారు. అంతకుముందు కొన్న స్థలాలు, ఇళ్ల మీద పాత లెక్క లాభమైతే పాత లెక్కే వేసుకోవచ్చన్నారు. కానీ ఎవరికి? ఇండియాలో ఉండేవాళ్లకు. ఎన్నారైలకు కాదు.

తమ్ముడి లెక్కలో లాభం లేదు, పన్ను సున్నా. నా లెక్కలో లాభం ఐదు లక్షలు, పన్ను 62,500, సెస్సుతో 65,000. పక్కపక్క ప్లాట్లు. మధ్యలో గట్టు కూడా లేదు. ఆ జూలై 23కు ముందే అమ్మి ఉంటే నాకూ సున్నానే.

ఇంకా వెతికాను. ఇండియాలో ఉండేవాడికైతే వాడుకోని మూడు లక్షల మినహాయింపును ఈ లాభంలోంచి తీసేసుకోవచ్చు. మనకు అదీ లేదు. ఆదాయం తక్కువున్నవాళ్లకు ఇచ్చే రాయితీ, అంటే 12 లక్షల దాకా పన్ను లేదని 2025 బడ్జెట్ రోజు టీవీలో చెప్పారు చూడండి, అదీ అక్కడుండే వాళ్లకే. లాభం మొత్తాన్ని ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి సంస్థల బాండ్లలో ఐదేళ్లు పెడితే పన్ను లేదు, అది మాత్రం మనకూ ఉంది. నాకు తెలిసేసరికి తొమ్మిది నెలలైంది. తెలిసి ఉన్నా పెట్టేవాణ్ణా? అప్పు తీర్చడానికి అమ్మినవాడు బాండ్లు ఎక్కడ కొంటాడు?

తెల్లారి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి మీద కోపం లేదు గానీ గొంతులో ఏదో ఉన్నట్టుంది, కనిపెట్టేశాడు. అంతా విని, ‘నీకు జీతం మీద పన్ను ల్యాదు గదన్నా’ అన్నాడు. నాకు మండింది. ‘ఇక్కడి ఎండలో నువ్వొచ్చి చేయి తెలుస్తుంది’ అన్నాను. పెట్టేశాను.

పెట్టేశాక కుదురుండలేక ఆ లెక్కా వేశాను. నా జీతం 350, ఏడాదికి 4,200 దినార్లు. దినారు 275 రూపాయలనుకుంటే 11,55,000. అదే జీతం మా ఊళ్లో ఒక టీచరుకు వస్తే ఆ ఏడాది ఎంత కట్టాలి? కొత్త పద్ధతిలో 75,000 తీసేసి, మూడు లక్షలు వదిలేసి, మిగతాది మెట్లు మెట్లుగా వేసుకుంటూ పోతే, సెస్సుతో కలిపి 64,480.

నేను కట్టింది 65,000.

ఐదొందల ఇరవై రూపాయల తేడా. కాగితం మీద ఆ రెండు అంకెలు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ టీచరు ప్రతి ఏడాదీ కట్టాలి కదా, నేను పదహారేళ్లలో ఒక్కసారి కట్టాను. ఇది తమ్ముడి వైపు న్యాయం. ఆ టీచరుకు సెలవు పెడితే జీతం పోదు, సాయంత్రానికి ఇంటికి పోతాడు, నాయన ఆపరేషనుకు బయట కుర్చీలో కూర్చోగలడు. ఇది నా వైపు న్యాయం. పైగా 2025 ఏప్రిల్ నుంచి ఆ టీచరుకు 12 లక్షల దాకా రాయితీ వచ్చింది, ఆయన పన్నూ సున్నా అవుతుంది. నేను రేపు ఇంకో ముక్క అమ్మితే ఆ రాయితీ నాకు రాదు. మూడు రోజులు ఇట్లా నాతో నేనే కొట్లాడుకున్నాను. నాలుగో రోజు తమ్ముడే ఫోన్ చేసి, నాయన మాత్రల సంగతి మాట్లాడాడు. పన్ను మాట ఇద్దరం ఎత్తలేదు.

రిటర్నులో ఎన్నారై అన్న గడి మార్చి, అక్కడే ఉన్నానని టిక్కు పెడితే 65,000 మిగిలేది. ఒక్క టిక్కు. ఆ రాత్రి నా వేలు దాని మీదికి పోలేదని చెప్తే అబద్ధం. పాస్‌పోర్టు మీద ముద్రలున్నాయి, రూములో ఆయన కథ కళ్ల ముందుంది. పెట్టలేదు. భయమా, నిజాయితీయా అని అడక్కండి, నాకూ తెలియదు. ఉన్నదున్నట్టు వేసి, మళ్లీ అర్ధరాత్రి మా ఇంటామెను లేపాను. ఈసారి తను భయపడలేదు. ‘అంకెలా?’ అంది.

గడువు ఆ ఏడాది సెప్టెంబరు దాకా పొడిగించారు గానీ నేను ఆగస్టులోనే వేసేశాను. మధ్యలో ఒక చిక్కొచ్చింది, అందులో ఆడిటరుది కొంచెం, నాది కొంచెం తప్పు. ఆ వివరాలు వద్దు. మీ ప్లాటు కొన్నవాళ్లు కోసిన పన్ను మీ పాన్ మీదే పడిందో లేదో రిటర్నుకు ముందే ఆ 26ఏఎస్‌లో చూసుకోండి, వాళ్ల ఫోన్ నంబరు పోగొట్టుకోవద్దు. నవంబరులో డబ్బు పడింది. 1,56,210, దాని మీద ఏప్రిల్ నుంచి ఎనిమిది నెలల వడ్డీ 6,248. మొత్తం 1,62,458. ప్రభుత్వం మనకిచ్చే వడ్డీ నెలకు అర్ధరూపాయి. నేను ఊళ్లో కట్టింది రెండు రూపాయలు, పన్నెండు నెలలకు 34,800. ఈ వచ్చిన 6,248 కూడా వచ్చే ఏడాది ఆదాయం కింద చూపించాలి, అది వేరే సంగతి.

అప్పు తీరింది. మందీ మాత్రం తెప్పించలేదు ఈసారి. రూములో అడిగారు. రేపు చూద్దాం అన్నాను.

నా కథ విన్నాక చాలామంది అడిగే మాట ఒకటుంది: ‘అయితే అన్నా, ఇకమీదట ఆస్తులు తమ్ముడి పేరు మీదో బామ్మర్ది పేరు మీదో కొంటే పోలా?’ వద్దు. మా తమ్ముడు మంచోడు. మీ తమ్ముడూ మంచోడే అయ్యుంటాడు. కానీ మన డబ్బుతో వేరేవాళ్ల పేరు మీద కొంటే అది బినామీ చట్టం కిందికి పోయే ప్రమాదముంది. ఆ మాట పక్కన పెట్టినా, ఈ హాల్లో ఊరెళ్లి చూస్తే ఇల్లు వేరేవాళ్లదైపోయిన మనిషి నాకు కనీసం ఇద్దరు తెలుసు. వాళ్ల వైపు చూడను. అరవై ఐదు వేల పన్ను మిగుల్చుకోవడానికి పదిహేను లక్షలు ఒకరి చేతిలో పెడతామా?

ఇళ్లల్లో పని చేసే అక్కలకు ఒక మాట. మీరు పంపే డబ్బు అంతా భర్త ఖాతాకో, అన్న ఖాతాకో పోతోంది. మీ పేరు మీద ఒక ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి, కొంతైనా అందులో వేయండి. పన్ను సంగతి తర్వాత, ముందు ఆ డబ్బు మీదని రాసి ఉండాలి. సెలవు మీద ఊరెళ్లినప్పుడు పాన్ కార్డు పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి. 2023 జూన్ 30తో ఆధార్ కలపని పాన్‌లు ఆగిపోయాయి. ఎన్నారైలకు మినహాయింపుంది గానీ, మనం ఎన్నారై అని శాఖ రికార్డులో లేక మనవాళ్లవి కొన్ని ఆగాయి. పాన్ ఆగితే రీఫండ్ రాదు, కోత మాత్రం ఎక్కువవుతుంది.

2026 ఏప్రిల్ నుంచి అమలయ్యేది కొత్త ఆదాయపు పన్ను చట్టం, 1961 నాటిది పోయి. అందులో సెక్షన్ల నంబర్లు వేరు. నేను నంబర్లు చెప్పకుండా మాట్లాడింది అందుకే అనుకోండి, గుర్తుండవు అనుకోండి, మీ ఇష్టం.

భోజనాల తర్వాత ఆ మూల బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. మీ 26ఏఎస్ తీసి చూద్దాం, డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. పాన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో తెచ్చుకోండి. పాస్‌వర్డు మీరే కొట్టుకోవాలి, నాకు చెప్పొద్దు. ఆధార్ సిమ్ ఇంట్లో ఉన్నవాళ్లు ఇప్పుడే ఫోన్ చేసి, నిద్రపోవద్దని చెప్పండి. కళ్లజోడు దగ్గర పెట్టుకోమనండి.